కొత్త మిడి కీబోర్డ్ కొనే ముందు అటక మీదున్నది దించండి

ప్రశ్న: నమస్తే అండీ. సొంతంగా పాటలు కట్టుకుని ఇంట్లోనే రికార్డ్ చేసుకోవాలని నా కోరిక. లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, మైక్ ఉన్నాయి. గొంతు బాగానే రికార్డ్ అవుతోంది. వాద్యాల కోసం మిడి కీబోర్డ్ కొందామని చూస్తుంటే 25 కీలు, 49, 61, 88 అంటూ, ప్యాడ్లు, నాబ్‌లు అంటూ బుర్ర తిరిగిపోతోంది. తెలిసినాయన ఒకరు 88 కీల వెయిటెడ్ (పియానోలా వేలికి బరువు తగిలేది) కాకపోతే డబ్బు దండగ అన్నారు. ఇంకొకరు చిన్నది చాలన్నారు. స్నేహితురాలి దగ్గర 25 కీల చిన్న కీబోర్డ్ అరువు తెచ్చి లాప్‌టాప్‌కి తగిలిస్తే లైట్లు వెలిగాయి గానీ శబ్దం రాలేదు. తంటాలు పడి సాఫ్ట్‌వేర్‌లో పియానో పెడితే మోగింది, కానీ నొక్కిన కాసేపటికి మోగుతోంది. దాంతో తాళం తప్పుతోంది. నా బల్ల మీటరు పొడవుంటుంది, అంతే. కొన్నేళ్ల కిందట కీబోర్డ్ నేర్చుకున్నాను, రెండు చేతులతో మామూలు పాటలు వాయించగలను. అప్పటి 61 కీల కీబోర్డ్ అటక మీద ఉంది గానీ దాని స్పీకర్ ఒకటి పోయింది. ఏది కొనమంటారు? ఎలా అమర్చుకోవాలి? సెకండ్ హ్యాండ్‌ది కొన్నా ఫర్వాలేదా?
– ఓ పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాటని మీరు చివర్లో, పెద్ద విషయం కానట్టు రాశారు. అటక మీద 61 కీల కీబోర్డ్ ఉందన్నారు. దాని స్పీకర్ పోతే మనకేం నష్టం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే, మీ స్నేహితురాలి కీబోర్డ్ ఎందుకు మోగలేదో ముందు చెప్పాలి.

మిడి కీబోర్డ్‌లో, దాన్నే మిడి కంట్రోలర్ అంటారు, శబ్దమనేదే ఉండదు. టీవీ రిమోట్‌లో సినిమా ఉండదు కదా, ఇదీ అంతే. మీరు మధ్యలో ఉండే సి కీని ఓ మాదిరిగా నొక్కారనుకోండి, మిడి లెక్కలో దాని నంబరు 60. అప్పుడు లాప్‌టాప్‌కి వెళ్లేవి మూడంటే మూడు అంకెలు: 144, 60, 87. మొదటిది "ఒకటో ఛానల్లో ఒక స్వరం మొదలైంది" అని చెబుతుంది. రెండోది ఏ కీయో, మూడోది ఎంత గట్టిగా నొక్కారో చెబుతాయి. వేలు తీయగానే స్వరం ఆగిందని ఇంకో చిన్న కబురు వెళ్తుంది. ఆ అంకెలు అందుకుని పియానోగానో వయొలిన్‌గానో మోగించేది లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేరే. అందుకే లైట్లు వెలిగాయి, శబ్దం రాలేదు. కీబోర్డ్‌లో ఏ లోపమూ లేదు.

ఆ మూడో అంకె గురించి కాస్త ఆగుదాం. దాన్ని వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా ఉంటుంది. "గట్టిగా" అన్నాను గానీ నిజానికి కీబోర్డ్ బలాన్ని కొలవదు. చాలా కీబోర్డుల్లో ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. కీ దిగేటప్పుడు మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంతసేపు పట్టిందో చూసి, తక్కువ సమయం పడితే పెద్ద అంకె, ఎక్కువ పడితే చిన్న అంకె పంపిస్తుంది. ఒక కంట్రోలర్‌కీ ఇంకోదానికీ మీ పాటలో వినిపించే తేడా దాదాపు మొత్తం ఇక్కడే ఉంటుంది. ధర పెరిగితే సౌండ్ మెరుగవుతుందనుకుంటారు చాలామంది. సౌండ్ దానిలో లేనే లేదు. డబ్బు పెట్టాల్సింది వేళ్ల సుఖానికి.

సరే, అటక సంగతికొద్దాం. మిడి ప్రమాణం 1983లో వచ్చింది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీకి చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషీ దీనికి పూనుకున్నారు. పోటీలో ఉన్న కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నది ఉద్దేశం. ఆ సంవత్సరం జనవరిలో జరిగిన నామ్ అనే సంగీత వాద్యాల ప్రదర్శనలో ఆ రెండు కంపెనీల సింథసైజర్లని, ఒక ప్రొఫెట్-600ని, ఒక జూపిటర్-6ని కేబుల్‌తో కలిపి చూపించారు. ఆ భాష ఇప్పటికీ మారలేదు. 2020లో మిడి 2.0 వచ్చినా పాతవాటితో కూడా పనిచేసేలాగే రూపొందించారు కాబట్టి దానికోసం ఆగాల్సిన పని లేదు. మనకు కావలసిందేమిటంటే, మీ పాత కీబోర్డ్ ఈ భాషే మాట్లాడుతూ ఉండొచ్చు.

కిందికి దించి దుమ్ము దులిపి వెనకవైపు చూడండి. చదరంగా ఉండే యూఎస్‌బీ సాకెట్, ప్రింటర్‌కి ఉంటుందే అలాంటిది, ఉంటే పని సులువు. పక్కన "టు హోస్ట్" అనో "మిడి" అనో రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టుకునే పలకలాంటి సాకెట్ మాత్రమే ఉంటే అది దీనికి పనికిరాదు. అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్లు ఉంటే యూఎస్‌బీ-మిడి కేబుల్ అనే చిన్న వస్తువు కొనుక్కుంటే సరిపోతుంది. ఆ కేబుల్ ప్లగ్గుల మీద ఇన్, అవుట్ అని రాసుంటుంది గానీ ఆ మాట కేబుల్‌ని ఉద్దేశించిందో కీబోర్డ్‌ని ఉద్దేశించిందో ఒక్కో తయారీదారు ఒక్కోలా వాడతాడు. లాప్‌టాప్‌కి ఏమీ అందకపోతే రెండు ప్లగ్గులూ అటుదిటు మార్చి చూడండి. పాడయ్యేదేం లేదు. ఈ సాకెట్లు ఏవీ లేకపోతే మాత్రం దాన్ని మళ్లీ అటకెక్కించి, కొనే సంగతి చూడటమే.

పాతవాటిలో కొన్నిటికి విండోస్‌లో తయారీదారు సైట్ నుంచి డ్రైవర్ వేసుకోవాలి. ఇప్పటి కంట్రోలర్లలో ఎక్కువ భాగానికి ఆ గొడవ లేదు, తగిలించగానే కంప్యూటర్ గుర్తుపడుతుంది. ఇంకో రెండు పనులు: రిథమ్ స్టైల్ ఆపేసి, కీబోర్డ్ రెండు భాగాలుగా విడిపోయి ఉంటే ఆ స్ప్లిట్ తీసేయండి. లేకపోతే ఎడమచేతి స్వరాలు ఒక ఛానల్లో, కుడిచేతివి వేరే ఛానల్లో వెళ్లి తికమక పెడతాయి. ఫంక్షన్ మెనూలో "లోకల్ కంట్రోల్" అని ఉంటే దాన్ని ఆఫ్‌లో పెట్టండి. అది ఆన్‌లో ఉంటే కీబోర్డ్ సొంత శబ్దం, లాప్‌టాప్ శబ్దం రెండూ కలిసి ప్రతి స్వరమూ జంటగా మోగుతుంది. ఆ ఆప్షన్ కనిపించకపోతే వాల్యూమ్ సున్నాకి తిప్పేయండి, చాలు. స్పీకర్ పోయినా నష్టం లేదన్నది అందుకే.

ఇప్పుడు మీ అసలు బాధ, ఆలస్యం. కొత్త కీబోర్డ్ కొంటే ఇది పోతుందేమోనన్న ఆశ మీలో ఉందేమో. పోదు. ఎంత ఖరీదైనది తగిలించినా ఇలాగే ఉంటుంది, ఎందుకంటే ఆలస్యం జరిగేది కీబోర్డ్‌లో కాదు. లాప్‌టాప్ శబ్దాన్ని తయారుచేసి, కొంత కొంతగా పోగేసి బయటికి పంపుతుంది. ఆ ఒక్కో పోగు సైజే బఫర్. సెకనుకి 44,100 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచే చిన్న చిన్న ముక్కల) లెక్కన 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు. 512 అయితే 11.6. 256కి దించితే 5.8, 128కి దించితే 2.9. దీనికి డ్రైవర్, ఇంటర్‌ఫేస్ తీసుకునేది ఇంకాస్త కలుస్తుంది. మొత్తం పది మిల్లీసెకన్లలోపు ఉంటే చాలామంది వేళ్లకు తేడా తెలియదు. మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ నుంచి శబ్దం మన చెవికి రావడానికే అంత సమయం పడుతుంది మరి.

మీ దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే. నా అనుమానం ఏమిటంటే, మైక్ ఇంటర్‌ఫేస్ నుంచి వస్తోంది గానీ పియానో శబ్దం లాప్‌టాప్ సొంత సౌండ్ కార్డ్ నుంచి పోతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఆడియో సెట్టింగ్స్ తెరిచి చూడండి. విండోస్ అయితే డ్రైవర్ రకం "ఏసియో" అని ఉండాలి, దాని కింద మీ ఇంటర్‌ఫేస్ పేరు ఉండాలి. ఆ పేరు కనిపించకపోతే ఇంటర్‌ఫేస్ తయారుచేసినవాళ్ల డ్రైవర్ ఇంకా వేసుకోలేదన్నమాట. మ్యాక్ అయితే అవుట్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకుంటే చాలు. తర్వాత బఫర్‌ని 128కి దించండి. శబ్దంలో చిటపటలు వస్తే 256కి పెంచండి. రికార్డింగ్ అయిపోయి మిక్సింగ్‌కి వచ్చాక హాయిగా 1024కి పెంచేయండి, అప్పుడు ఆలస్యంతో పని లేదు.

ఇన్ని చేశాక కూడా ఆలస్యం ఉంటే మూడు చోట్ల వెతకండి. హెడ్‌ఫోన్స్ బ్లూటూత్‌వా? అయితే ఏ సెట్టింగూ మిమ్మల్ని కాపాడలేదు. వైర్ ఉన్నవి తెచ్చి ఇంటర్‌ఫేస్‌కే గుచ్చండి. పాట మొత్తం కలిసి వెళ్లే మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) లాంటి ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కి జోడించే చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయా? కొన్ని ప్లగిన్లు శబ్దాన్ని ముందే చూసి పని చేస్తాయి, అలా చూడటానికి కొంత సమయం ఆపి ఉంచుతాయి. వాయించేటప్పుడు వాటిని ఆఫ్ చేయండి. మూడోది చాలామందికి తట్టదు. మీరు వాయిస్తున్నది నెమ్మదిగా మొదలయ్యే స్ట్రింగ్స్ శబ్దమైతే అది లేటెన్సీ, అంటే మనం మాట్లాడుకుంటున్న ఆలస్యం, కాదు, ఆ శబ్దం తీరే అంత. పరీక్ష ఎప్పుడూ పియానోతోనో డ్రమ్‌తోనో పెట్టుకోండి.

అమర్చడం అనేది దీనితో పోలిస్తే చిన్న పనే. కీబోర్డ్‌ని నేరుగా లాప్‌టాప్ పోర్టుకే తగిలించండి, హబ్బులు తర్వాత. కేబుల్ డేటాది అయి ఉండాలి. కొన్ని ఫోన్ కేబుళ్లు చార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, లైట్లు వెలుగుతాయి గానీ అంకెలు దాటవు. తర్వాత సాఫ్ట్‌వేర్ తెరవండి. ముందు సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ తర్వాత కీబోర్డ్ తగిలిస్తే కొన్ని గుర్తించవు. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ అయితే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి మిడి ఇన్‌పుట్‌ల జాబితాలో మీ కీబోర్డ్‌ని ఎనేబుల్ చేయాలి. ఎబుల్టన్ లైవ్‌లో మిడి సెట్టింగ్స్‌లో కీబోర్డ్ వరసలో "ట్రాక్" అన్నది ఆన్‌లో ఉండాలి. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్10 నొక్కితే మిడి సెట్టింగ్స్ వస్తాయి, అక్కడ ఎనేబుల్ చేయాలి. గరాజ్‌బ్యాండ్ అయితే అడక్కుండానే గుర్తుపడుతుంది. ఆ తర్వాత ఒక వాద్యం ఉన్న ట్రాక్ తెరిచి, దాన్ని రికార్డింగ్‌కి సిద్ధం చేసే రికార్డ్ ఆర్మ్ బటన్ నొక్కండి. వాయించేది అప్పటికప్పుడు వినిపించే మానిటరింగ్ ఆన్‌లో లేకపోతే స్వరాలు రికార్డ్ అవుతాయి గానీ మీకు వినపడవు. విండోస్‌లో ఇంకో చిక్కుంది. ఒక మిడి పోర్టుని చాలాసార్లు ఒక ప్రోగ్రామే పట్టుకోగలుగుతుంది. వెనక ఇంకో మ్యూజిక్ ప్రోగ్రామ్ తెరిచి ఉంటే కీబోర్డ్ దానికి చిక్కి, ఇక్కడ ఉలుకూ పలుకూ ఉండదు. వాద్యాలు కొనే తొందర కూడా వద్దు. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ లాంటి సింథ్‌లు (సింథసైజర్ సాఫ్ట్‌వేర్లు) ఉచితంగా దొరుకుతాయి, స్పిట్‌ఫైర్ ల్యాబ్స్‌లో మెత్తటి పియానోలు, స్ట్రింగ్స్ ఉన్నాయి.

ఇలా పాత కీబోర్డ్‌తో ఒకటి రెండు పాటలు పూర్తి చేయండి. మొత్తం పాట, సగంలో వదిలేసింది కాదు. ఏం కొనాలో ఆ పాటలే చెబుతాయి. ఎడమచేతికి కీలు చాలడం లేదా, వేళ్ల కింద కీలు తేలిపోతున్నాయా, ఇంత పొడుగుది బల్ల మీద అడ్డంగా ఉందా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరు ఏ మోడల్ పేరు చెప్పినా, నాతో సహా, అది వాళ్ల అవసరం లోంచి చెప్పిందే.

అయినా ఇప్పుడే తెలుసుకోవాలని ఉంటుంది కాబట్టి కొలతలతో మొదలుపెడదాం. మామూలు సైజు కీబోర్డ్ మీద ఒక ఆక్టేవ్ (ఏడు తెల్ల కీలు) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. 49 కీల్లో తెల్లవి 29, అంటే కీల భాగమే 68 సెంటీమీటర్ల దాకా వస్తుంది. 61 కీల్లో తెల్లవి 36, దాదాపు 85. 88 కీల్లో తెల్లవి 52, అంటే 122. స్వరాన్ని జార్చే పిచ్ వీల్ లాంటి చక్రాలు ఎడమ పక్కన ఉంటే ఇంకో పది పదిహేను కలుపుకోండి. మీ మీటరు బల్ల మీద 61 కీలది అంచుల దాకా పట్టేస్తుంది. మైక్ స్టాండ్‌కీ మౌస్‌కీ చోటుండదు. 88 కీలదైతే బల్ల దాటి పోతుంది, దానికి వేరే స్టాండ్ కావాలి, దాని బరువు మోసేంత గట్టిది కావాలి.

88 వెయిటెడ్ అన్నాయన బహుశా పియానో వాయించేవారై ఉంటారు. ఆయన మాట పియానో వాళ్లకి నూటికి నూరుపాళ్లూ నిజం. హ్యామర్ యాక్షన్ కీలు వేలికి బరువు తగిలిస్తాయి, మెల్లగా వాయించేచోట పట్టు దొరుకుతుంది. కానీ అదే బరువు డ్రమ్స్ టకటకా కొట్టేటప్పుడు, ఆర్గన్ మీద వేలు జార్చేటప్పుడు అడ్డం పడుతుంది. మీరు వాయించేది పాటకు కావలసిన కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు), బేస్, ఓ ఫ్లూట్ బిట్, కొంచెం స్ట్రింగ్స్. దానికి కొంచెమే బరువు తగిలే సెమీ వెయిటెడ్ చక్కగా సరిపోతుంది. తేలిక స్ప్రింగ్ కీలుండే సింథ్ యాక్షన్ కూడా చెడ్డదేం కాదు.

25 కీలు చాలన్నాయన మాటా పూర్తిగా తప్పు కాదు. రెండు ఆక్టేవ్‌లలో బేస్ లైన్, ఒంటిచేతి మెలొడీ, డ్రమ్స్ అన్నీ వాయించుకోవచ్చు, పైకీ కిందికీ వెళ్లడానికి ఆక్టేవ్ బటన్లున్నాయి. ప్రయాణాల్లో దానంత హాయి ఇంకోటి లేదు. కానీ రెండు చేతులతో వాయించడం వచ్చినవాళ్లకి అది ఊపిరాడనివ్వదు. పైగా చిన్నవాటిలో చాలావాటికి మినీ కీలుంటాయి. మామూలు సైజు మీద నేర్చుకున్న వేళ్లు వాటి మీద పక్క కీ మీదికి పోతూనే ఉంటాయి. నేర్చుకున్న విద్యని ఎందుకు పాడుచేసుకోవడం?

అందుకని మీకు నేను చెప్పేది 49 కీలది, మామూలు సైజు కీలతో. పాత కీబోర్డ్ పనిచేస్తే ఎడమచేయి బాగా కిందికి వెళ్లాల్సిన పాటలకు దాన్ని వాడుకోవచ్చు. ఒక్క సందర్భంలో మాత్రం 61కి వెళ్లమంటాను. ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీల (అసలు వాద్యాలని రికార్డ్ చేసి పెట్టిన శబ్దాల) మీద మనసుంటే, వాటిలో కొన్ని అడుగున ఉండే కీలని వాయించే తీరు మార్చడానికి వాడతాయి. ఆ కీ నొక్కితే వయొలిన్ మీటడానికి మారుతుంది, ఈ కీ నొక్కితే మళ్లీ కమానుకి వస్తుంది. శబ్దం రాని ఆ కీలకే ఒక ఆక్టేవ్ పోతుంది.

కొనేచోట వాయించి చూసే వీలుంటే ఇవి చేయండి. సౌండ్ వినడం కోసం కాదు, వేళ్ల కోసం. ఒకే కీని బాగా మెల్లగా పదే పదే నొక్కండి. స్క్రీన్ మీద వెలాసిటీ అంకెలు చూపించమంటే ఇంకా మంచిది. మీ వేలు ఒకేలా దిగుతున్నా అంకె 20కీ 70కీ మధ్య గెంతుతుంటే ఆ కీబోర్డ్ మీద మెత్తటి పియానో ముక్క వాయించడం కష్టం. తర్వాత తెల్ల కీని అంచు దగ్గర కాకుండా లోపల, రెండు నల్ల కీల మధ్యన నొక్కండి. కీలు లోపల పొట్టిగా ఉంటే అక్కడ గట్టిపడిపోతాయి, నొక్కలేం. నల్ల కీలు ఎక్కువున్న కార్డులు పట్టినప్పుడల్లా వేళ్లు పోయేది సరిగ్గా అక్కడికే. నల్ల కీల మీద కూడా తెల్లవాటి మీద వచ్చినంత అంకె వస్తోందా చూడండి. చివరిగా ఒక కీని పక్కకి కదిపి చూడండి, కొంచెం కదలడం మామూలే, లొడలొడలాడితే వద్దు. ఇంటికి తెచ్చాక మీ చేయి సహజంగా బరువైనదో తేలికైనదో చూసుకుని వెలాసిటీ కర్వ్, అంటే ఎంత వేగానికి ఎంత అంకె పంపాలన్న లెక్క, మార్చుకోవచ్చు. దాదాపు అన్నిటిలో ఆ సెట్టింగ్ ఉంటుంది. కానీ గెంతే అంకెలని ఏ కర్వూ బాగుచేయదు.

ప్యాడ్లు, నాబ్‌లు, ఫేడర్లు, రంగురంగుల లైట్లు. వీటికే ఎక్కువ డబ్బు పోతుంది, వీటికే తక్కువ పని పడుతుంది. వేళ్లతో డ్రమ్స్ కొట్టే సరదా ఉంటే ప్యాడ్లు తీసుకోండి, లేకపోతే కీల మీదే డ్రమ్స్ వాయించుకోవచ్చు. ఎనిమిది నాబ్‌ల కంటే ఒకటి రెండు మంచి ఫేడర్లు నయం. స్ట్రింగ్స్ సహజంగా వినపడాలంటే కుడిచేత్తో స్వరం పట్టుకుని ఎడమచేత్తో మాడ్ వీల్‌ని (పిచ్ వీల్ పక్కన ఉండే ఇంకో చక్రాన్ని) మెల్లగా పైకి తోసి కిందికి దించాలి. మిడిలో దాని నంబరు 1. స్వరం ఎంత మెత్తగా, ఎంత బలంగా పలకాలన్నది చాలా లైబ్రరీలు దాని మీదే పెడతాయి. 11వ నంబరైన ఎక్స్‌ప్రెషన్‌ని ఒక ఫేడర్ మీద పెట్టుకుంటే రెండూ ఒకే చేత్తో ఆడించొచ్చు. ఒకసారి అలవాటైతే అది లేకుండా వాయించిన స్ట్రింగ్స్ మీకే నచ్చవు.

పిచ్ వీల్ విషయంలో నేను పట్టుబడతాను. మీరు కట్టేది మన బాణీ పాటలైతే స్వరం నుంచి స్వరానికి జారాలి, గమకం పలకాలి. దానికి నిలువుగా తిరిగి వదలగానే మధ్యకి వచ్చే వీల్ కావాలి. టచ్ స్ట్రిప్, బుల్లి జాయ్‌స్టిక్ నాకు సరిపడవు, కొందరు వాటి మీదా బాగానే వాయిస్తారు. పిచ్ బెండ్‌కి మిడి 16,384 మెట్లు ఇచ్చింది కాబట్టి జారుడు మెత్తగానే వస్తుంది. సాధారణంగా అది అటూ ఇటూ రెండేసి సెమీటోన్లు (ఒక కీకీ పక్క కీకీ ఉన్న దూరం ఒక సెమీటోన్) కదులుతుంది. ఆ హద్దు కీబోర్డ్‌లో ఉండదు, మీరు వాడే సింథ్‌లో "బెండ్ రేంజ్" అని ఉంటుంది, అక్కడ మార్చుకోవాలి. మరీ పెంచితే వీల్ కొంచెం కదిలినా శ్రుతి ఎక్కడికో పోతుంది. మొదట్లో రెండే ఉంచండి.

మోడళ్ల పేర్లు కావాలంటే: కీలు తప్ప వేరే హంగులొద్దనుకుంటే ఎం-ఆడియో కీస్టేషన్, నెక్టార్ ఇంపాక్ట్ జీఎక్స్ లాంటివి చూడండి. ఎబుల్టన్ లైవ్ వాడేవాళ్ల కోసమే నొవేషన్ లాంచ్‌కీ, ఎఫ్ఎల్ స్టూడియో వాళ్ల కోసం అదే కంపెనీ ఎఫ్ఎల్‌కీ ఉన్నాయి. ప్లే, రికార్డ్ బటన్లు, ఫేడర్లు వాటంతటవే సాఫ్ట్‌వేర్‌తో కలిసిపోతాయి. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చుకున్నాకే వీటి జోలికి వెళ్లండి. అయిదు పిన్నుల మిడి సాకెట్ విడి సింథ్‌లు ఉన్నవాళ్లకే. ఆఫ్టర్‌టచ్ (నొక్కి పట్టుకున్న కీని ఇంకా ఒత్తితే గుర్తించేది) ఉంటే బాగుంటుంది, లేకపోతే ఏడవక్కర్లేదు.

పెడల్ సాకెట్ మాత్రం ఉండి తీరాలి. వేలు తీసినా స్వరాన్ని మోగనిచ్చే సస్టెయిన్ పెడల్ లేకుండా వాయించిన పియానో ముక్కముక్కలుగా వినిపిస్తుంది. సాకెట్ 6.35 మిల్లీమీటర్ల మామూలు జాక్‌ది. పెడల్ గుచ్చాక కాలు దానిమీద పెట్టకుండా కీబోర్డ్ ఆన్ చేయండి. చాలా కీబోర్డ్‌లు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి అదే "వదిలిన స్థితి" అనుకుంటాయి. తొక్కి ఉంచి ఆన్ చేస్తే అంతా తలకిందులై, కాలు తీస్తే మోగుతూ, తొక్కితే ఆగుతూ ఉంటుంది. కొన్ని పెడళ్లకి ఈ తలకిందుల్ని సరిచేసే పొలారిటీ స్విచ్ కూడా అడుగున ఉంటుంది. రికార్డ్ చేశాక ఎడిటింగ్‌లో ఒక తమాషా జరుగుతుంది. ఒక ముక్కని చివర కత్తిరిస్తారు, పెడల్ తొక్కిన కబురు ఇటు మిగిలి, వదిలిన కబురు అటు పోతుంది. ఇక ఆ ట్రాక్‌లో స్వరాలు ఆగకుండా మోగుతాయి. ప్లగిన్ పాడైందని టెన్షన్ పడొద్దు. స్వరాలని గళ్లలో చూపించే పియానో రోల్ కింద 64వ కంట్రోలర్ (సస్టెయిన్ పెడల్ నంబరు) వరస తెరిచి, కత్తిరించినచోట ఒక సున్నా పెట్టండి.

ఇలాంటిదే ఇంకోటి. ఒకరోజు కూర్చోగానే పాటంతా వేరే శ్రుతిలో వినిపిస్తుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ చేయి తగిలి ఉంటుంది. చాలావాటిలో రెండు ఆక్టేవ్ బటన్లూ ఒకేసారి నొక్కితే ఆక్టేవ్ సున్నాకి వస్తుంది, ట్రాన్స్‌పోజ్‌కీ అంతే. అలాగే మీ కీబోర్డ్ సి3 అని చూపించేదాన్ని సాఫ్ట్‌వేర్ సి4 అనొచ్చు. రెండూ ఆ 60వ నంబరు కీయే, కంపెనీలు ఆక్టేవ్‌లని లెక్కపెట్టే తీరు వేరు, అంతే. దాన్ని బాగుచేద్దామని ఏదీ మార్చకండి.

బల్ల ఎత్తు కూడా చూసుకోండి. రాసుకునే బల్ల మీద కీబోర్డ్ పెడితే కీలు మోచేతి కంటే పైకి వచ్చేస్తాయి. భుజాలు లేపి వాయించాల్సి వస్తుంది, గంటలో మెడ పట్టేస్తుంది. మోచేతులు కీల ఎత్తులోనో ఓ పిసరు పైనో ఉండాలి. కుర్చీ ఎత్తు పెంచి కాళ్ల కింద పీట వేసుకున్నా సరే, కీబోర్డ్‌ని తక్కువ ఎత్తు స్టాండ్ మీద మీ ముందు పెట్టుకుని లాప్‌టాప్‌ని బల్ల మీదే ఉంచినా సరే. మీ బల్ల చిన్నదన్నారు కాబట్టి రెండోదే మేలనిపిస్తుంది.

వాయించిందాన్ని వెంటనే క్వాంటైజ్ చేసి, అంటే స్వరాలన్నిటినీ తాళం గీతల మీదికి జరిపి, గీత గీసినట్టు సర్దేయకండి. స్ట్రెంగ్త్ 50, 60 శాతం పెట్టి చూడండి, తాళంలో నిలబడుతుంది, మీ చేయీ మిగులుతుంది. పియానోగా వాయించిన ముక్కని తర్వాత వీణగానో గిటార్‌గానో మార్చుకోగలగడం మిడిలో ఉన్న సుఖం కాబట్టి, ఆడియోగా మార్చేశాక కూడా అసలు మిడి ట్రాక్‌ని మ్యూట్ చేసి ఉంచుకోండి, చెరిపేయకండి.

సెకండ్ హ్యాండ్‌ది నిరభ్యంతరంగా కొనొచ్చు, మిడి కంట్రోలర్లు అంత తొందరగా పాతబడే వస్తువులు కావు. కానీ ఫొటో చూసి కొనొద్దు. లాప్‌టాప్ పట్టుకెళ్లి, సాఫ్ట్‌వేర్ తెరిచి, అడుగు నుంచి పై దాకా ఒక్కో కీని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. ఏదైనా కీ ఎలా నొక్కినా 127 పంపిస్తుంటే దాని కాంటాక్టుల్లో దుమ్మో అరుగుదలో ఉంది. ఒకటి రెండైతే విప్పి శుభ్రం చేయించొచ్చు, వరసగా అయిదారుంటే వదిలేయండి. పిచ్ వీల్‌ని అటూ ఇటూ తిప్పి వదిలాక అంకె సరిగ్గా మధ్యకి వస్తోందా చూడండి. రాకపోతే మీ వాద్యాలన్నీ శ్రుతి తప్పినట్టే ఉంటాయి. యూఎస్‌బీ ప్లగ్గుని కొంచెం కదిపినప్పుడు కనెక్షన్ పోకూడదు. పాత ఓనరు "దీంతో సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం" అని ఊరిస్తే, ఆ లైసెన్స్ ఆయన పేరు మీద ఇప్పటికే రిజిస్టర్ అయిపోయిందా, మీ పేరుకి మార్చుకోనిస్తారా అని డబ్బిచ్చే ముందే అడగండి. చాలాసార్లు మారదు, అందుకని దాని విలువ సున్నా అనుకునే బేరం ఆడండి.